చెరువు శాసనమునుండి వాటర్‌షెడ్ కమిటీ వరకు

కడప సీమలోని పోరుమామిళ్లలో భైరవాలయము ఎదుట రెండు రాతి పలకలున్నవి. వాటిపై సంస్కృతములో ఒక శాసనము చెక్కియున్నది. క్రీ.శ. 1369లో విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ ఒక పెద్ద చెరువును కట్టించినాడు. రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరములు పట్టినవని ఆ శాసనమే చెప్పుచున్నది. రాజులు దానము చేసిన శాసనములు మనకు వేలకొలది కలవు. కాని ఒక పనికి ఎంతమంది, ఎన్ని బండ్లు, ఎంతకాలము అని లెక్క చెప్పు శాసనములు అరుదు. ఈ కాలపు భాషలో చెప్పవలెనన్న అది ఒక పథకపు నివేదిక.

అంతేకాదు. మంచి చెరువుకు కావలసిన పండ్రెండు సాధనములను, చెరువుకు రాగూడని ఆరు దోషములను ఆ శాసనము వరుసగా చెప్పినది. సాధనములలో జలశాస్త్రము తెలిసినవాడు ఒకడు, గట్టి నేల ఒకటి, దూరమునుండి మంచినీరు తెచ్చు ఏరు ఒకటి, దగ్గరలో పొడుగాటి రాళ్లు దొరకు గని ఒకటి, పనితెలిసిన కూలీల గుంపు ఒకటి. దోషములు మరింత ఆసక్తికరమైనవి. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట, చెరువు కడుపులో మిట్ట యుండుట, నీరు కొద్ది ఆయకట్టు పెద్ద అగుట, నీరు పెద్ద నేల కొద్ది అగుట. ఈ ఆరింటిలో నాలుగు నేలకు, కట్టకు సంబంధించినవి అనుకున్నా, చివరి రెండును శుద్ధమైన గణితము. ఎంత నీరు వచ్చును, ఎంత నేలకు చాలును అను ప్రశ్న అది. రెండు రాజ్యముల సరిహద్దును దోషముగా చెప్పినవాడు మాత్రము నా దృష్టిలో మిక్కిలి అనుభవశాలి. నీటి తగవులను గురించి మన కాలములో నడచిన ట్రిబ్యునళ్ల చరిత్ర తెలిసినవారికి ఆ మాట విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

కట్టించుట సరే. తరువాత చూచువారెవరు? ఈ ప్రశ్నకు రాయలసీమలో ‘దశబంధము’ అను ఏర్పాటు సమాధానముగా ఉండెడిది. చెరువును త్రవ్వించినవానికి, లేక గండిపడిన చెరువును బాగుచేయించినవానికి, దానివలన సాగగు నేల ఆదాయములో పదియవ భాగమునకు సరిపడు ఇనాము లభించును. దానికి ప్రతిగా ఏటేట కట్టను, తూమును, కలుజును బాగుగా ఉంచవలెను. అనగా, మరమ్మతు ఖర్చు చెరువు ఫలితములోనే ఇమిడియున్నది. చెరువు నిండితే ఇనాముదారుకు ఆదాయము, ఎండితే అతనికీ నష్టమే. దీనికి తోడు పూడిక తీయుట, కట్టపై మట్టి పోయుట వంటి చిన్నపనులను ఆయకట్టు రైతులే కలసి చేసుకొనుట ఆచారము. తమిళ ప్రాంతములో దీనిని కుడిమరామత్తు అన్నారు. ఈ ఏర్పాటును స్వర్గతుల్యముగా వర్ణించుట నాకు ఇష్టము లేదు. చెరువు మట్టి మోసినవారిలో ఆయకట్టులో సెంటు నేలయైనను లేనివారు ఎందరో ఉండిరి, వారికి వచ్చినది ఆనాటి గింజలు మాత్రమే.

1800లో నైజాము నవాబు దత్తము చేయగా ఈ సీమ ఈస్టిండియా కంపెనీ క్రిందికి వచ్చినది. శిస్తు డబ్బు ఊరు దాటి పోయినది, మరమ్మతు బాధ్యత ఊరిలోనే మిగిలినది. ఇనాములు చేతులు మారినవి. ఊరివారు పనికి రావడము లేదని కంపెనీ ప్రభుత్వము చెప్పి 1858లో నిర్బంధ కూలి చట్టమొకటి చేసినది. చెరువు తెగబోవు సమయమున ఊరివారు పనికి రాకున్న శిక్షార్హులు. ఆచారముగా జరిగినది చట్టముగా మారిన కొలది సన్నగిల్లినదని చరిత్రకారులు వ్రాసినారు. ఫలితము నాకు రానప్పుడు పని నేనెందుకు చేయవలెనని రైతు అడుగుట సహజమే కదా.

తరువాత 1876 వచ్చినది. ఆ సంవత్సరము వానలు తప్పినవి. రెండేండ్లపాటు సాగిన ఆ కరవును మన పెద్దలు ‘ధాత కరవు’ అని పిలిచెడివారు. దక్షిణదేశమున లక్షలాది జనము చనిపోయినారు. ఈ కరవులోనే, ప్రభుత్వ ధనమును పల్లెకు ఏ లెక్కన పంపవలెనను విషయములో ఒక విజ్ఞానశాస్త్ర వివాదము జరిగినది. విద్యార్థులు దీనిని తప్పక తెలుసుకొనవలెను.

1877 ఆరంభమున కలకత్తా ప్రభుత్వము తరఫున సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసుకు వచ్చి, కరవు పనులలో కూలి తగ్గించవలెనన్నాడు. మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యమునకు సరిపడు డబ్బు, దానిపై ఒక అణా. అంతకుమించి ఇచ్చుట దుబారా యని ఆయన వాదము. మద్రాసు ప్రభుత్వపు పారిశుద్ధ్య కమిషనరుగా ఉన్న డాక్టరు కార్నిష్ దీనిని తీవ్రముగా ఎదిరించినాడు. మట్టి మోయు మనిషికి ఒక పౌను గింజలు చాలవు, పప్పుదినుసులు కూడ లేకున్న కండ కరగిపోవునని ఆయన వాదించినాడు.

మనము ఈనాటి పోషకాహార శాస్త్రముతో లెక్క చూతము. ఒక పౌను అనగా సుమారు 454 గ్రాములు. నూరు గ్రాముల బియ్యము సుమారు 345 కెలోరీల శక్తినిచ్చును. కాబట్టి టెంపుల్ కూలి గింజలవలన వచ్చునది ఇంచుమించు 1,550 కెలోరీలు. రోజంతయు గడ్డపారతో కష్టించు మగవానికి మూడు వేలకు మించిన కెలోరీలు కావలెను. ఆ అణా ఉప్పుకు, మిరపకాయకు, కట్టెలకు పోయినది. అనగా ఆ పనికి వచ్చినవాడు కూలి తీసుకొన్నకొలది, పని చేసినకొలది తన ఒంటినే కరగించుకొన్నాడు. కార్నిష్‌కు కెలోరీల పట్టికలు లేవు. పనిచోట్లకు పోయి మనుష్యులను చూచినాడు, అంతే. అదే సంవత్సరము మద్రాసు ప్రభుత్వము టెంపుల్ కూలిని విడిచి ఎక్కువ కూలి ఇవ్వవలసివచ్చినది. అప్పటికే ఎందరికో ఆలస్యమైపోయినది.

ఈ విపత్తు తరువాత సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడిన కరవు కమిషను 1880లో నివేదిక నిచ్చినది. దానినుండి కరవు నియమావళులు పుట్టినవి. ధరలు పెరుగుట, జనము ఊళ్లు విడుచుట వంటి గుర్తులు కనిపించగానే పనులు తెరవవలెను, పనికి తగ్గ కూలి ఇవ్వవలెను, పని చేయలేనివారికి ఉచితముగా తిండి పెట్టవలెను అని వాటి సారము. ఇవి లేనంతకన్న ఎంతయో మేలు. కాని ఆ పనుల ఉద్దేశ్యము మనిషిని కరవు దాటించుట మాత్రమే, నేలను బాగుచేయుట కాదు. రోడ్లకు కంకర కొట్టించినారు, ఆ కంకర కుప్పలు కొన్నిచోట్ల అట్లే పడియుండెడివి. మంచి ఉదాహరణ లేకపోలేదు. కోస్తా వెంట ఉన్న జలమార్గములను కలుపుచు 1877-78లో త్రవ్విన భాగము కరవు కూలీల చేతి పనియే. గవర్నరు పేర అది బకింగ్‌హామ్ కాలువ యైనది. త్రవ్వినవారి పేర ఏ కాలువయు లేదు.

నేల సంగతి ప్రభుత్వము పట్టించుకొనుటకు మరి యాభై ఏండ్లు పట్టినది. 1930వ దశకములో భారత వ్యవసాయ పరిశోధన మండలి మెట్టసేద్యమునకై ఐదు కేంద్రములను స్థాపించినది: షోలాపూరు, బీజాపూరు, రోహ్‌తక్, హగరి, రాయచూరు. వీటిలో హగరి బళ్లారి జిల్లాలోనిది. బళ్లారి అప్పుడు మద్రాసు రాష్ట్రములోనే, దత్తమండలములలోనే ఉండెను. కనుక రాయలసీమ నల్లరేగడి చరిత్రలో హగరి మన స్వంత ప్రయోగశాల యనవచ్చును. వాన ఎంత కురిసినది అనుటకన్న, కురిసిన దానిలో ఎంత నేలలో దిగినది అనునదే మెట్టరైతుకు ముఖ్యమని ఈ కేంద్రముల పని తేటపరచినది.

ఇందులోని భౌతికశాస్త్రము తరగతిలో సులభముగా చెప్పవచ్చును. పెద్ద వానచినుకు నేలను తాకునప్పుడు దాని వేగము సెకనుకు సుమారు 9 మీటర్లు. ఆ దెబ్బకు మట్టి గడ్డలు పగిలి, సన్నని రేణువులు రంధ్రములను పూడ్చివేయును. నేలపై పలుచని పొర గట్టి, తరువాతి నీరు దిగదు. పైనే పారును. పల్లమునకు పారుకొలది నీటి వేగము హెచ్చును, వేగము రెట్టింపైనచో దాని గతిజశక్తి నాలుగింతలగును. కనుక నీటిని వేగము పుంజుకొననీయక ముందే, చేను మీదనే, సమోన్నతరేఖ వెంబడి అడ్డుకొనవలెను. ఇదియే సమతల గట్ల సూత్రము. ఒక గాజుపలకపై తడి ఇసుకను పరచి, ఒకసారి నిలువు గీతలు, ఒకసారి అడ్డు గీతలు గీచి నీళ్లు చల్లి చూపుడు. ఇంతకు మించిన పరికరము అక్కరలేదు.

1949లో మద్రాసు ప్రభుత్వము సమతల గట్లకును, కందకములకును ఒక చట్టము చేసినది. గట్టు వేయవలసిన ప్రాంతమును గుర్తించి, పథకము తయారుచేసి, ప్రకటించి, ప్రభుత్వమే వేయించి, ఖర్చు రైతునుండి రాబట్టుట దాని పద్ధతి. గట్లు పడినవి. కొన్నేండ్లకే చాలచోట్ల రైతులు వాటిని నాగలితో చదును చేసినారు. అధికారులు దీనిని అజ్ఞానమన్నారు. కాని కారణములు చూడుడు. సమోన్నతరేఖ రైతు పొలిమేరను గౌరవించదు, ఒకని చేనును రెండుగా చీల్చి మరొకని చేనిలోకి పోవును. ఎడ్లు తిరుగుటకు చోటు చాలదు. నల్లరేగడిలో వేసవి నెర్రెలు గట్టులోకి పోయి, తొలివానకే గండిపడును. అప్పుడు ఒకచోట చేరిన నీరంతా క్రింది చేనును కోసుకొనిపోవును. పై చేనువానికి లాభము, క్రింది చేనువానికి నష్టము. ఇది అజ్ఞానము కాదు, లెక్క. ఎర్రనేలలో నిలిచిన గట్టు నల్లనేలలో నిలువదని పరిశోధనా కేంద్రములు తరువాత తామే గుర్తించినవి. 1953లో కేంద్ర భూసంరక్షణ మండలి ఏర్పడి, బళ్లారిలోను అందుకై ఒక కేంద్రము వెలసినది.

ఇంతలో స్వాతంత్ర్యము వచ్చినది. 1952 అక్టోబరు 2న దేశమంతట 55 సమాజవికాస పథకములు ప్రారంభమైనవి. ఒక్కొక్క పథకము క్రింద సుమారు 300 గ్రామములు, రెండు లక్షల జనము. ఐదారు నుండి పది గ్రామములకు ఒక గ్రామసేవకుడు. ఎరువు, విత్తనము, బడి, బావి, రోడ్డు, అన్నియు అతని సంచిలోనే. ఆ సంవత్సరమే రాయలసీమ మరల కరవులో ఉన్నది. మా అవ్వ అప్పుడు చిన్నపిల్ల. గంజి కేంద్రము ముందు వరుసలో నిలుచుండుట, ఇంటికి వచ్చు దారిలో గిన్నె ఒలికినందుకు దెబ్బలు తినుట ఆమెకు చివరివరకు గుర్తు. గ్రామసేవకుని గురించి అడిగితే మాత్రము, ‘సైకిలు మీద వచ్చేటోడు’ అని ఊరుకొనేది.

ఆమె ఒక్కతే కాదు, అధికారికముగా కూడ ఇంచుమించు ఇదే మాట వచ్చినది. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము ఈ పథకమును పరిశీలించి, ఊరి జనములో చొరవను, తమదను భావమును అది కలిగించలేకపోయినదని తేల్చినది. అధికారమును, ధనమును ఎన్నికైన స్థానిక సంస్థలకు ఇవ్వవలెనని చెప్పినది. 1959లో రాజస్థాన్ తరువాత మన రాష్ట్రము పంచాయతీ సమితులను, జిల్లా పరిషత్తులను ఏర్పరచినది. తొలి ఉత్సాహము గొప్పది. కాని నేల, నీరు మాత్రము చాలవరకు శాఖల చేతిలోనే ఉండిపోయినవి. 1973-74లో మొదలైన కరవు పీడిత ప్రాంతాల కార్యక్రమము కూడ ఈ దారినే నడచినది. వ్యవసాయశాఖ గట్టు వేసినది, అటవీశాఖ మొక్క నాటినది, చిన్న నీటిపారుదల శాఖ చెరువు బాగుచేసినది. మూడును మూడు ఊళ్లలో, మూడు వాగుల మీద. కొండ బోడిగా ఉండగా చెరువు పూడిక తీసిన ఫలితము ఎన్ని వానలకు నిలుచునో చెప్పనక్కరలేదు.

దారి చూపినది ఊహింపని చోటు. చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు 1958లో కట్టినది, కొన్నేండ్లకే పూడిపోజొచ్చినది. ఆ మట్టి ఎక్కడిదని భూసంరక్షణ కేంద్రపు శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా వెనుకకు నడచి వెదకగా, శివాలిక్ కొండలలోని సుఖోమాజ్రి అను పల్లె తేలినది. అక్కడి మేకలు కొండను గీకివేసినవి. మేకలను ఆపుడు అంటే ఊరు వినదు కదా. 1976 ప్రాంతమున అక్కడ చిన్న మట్టికట్ట వేసినారు, దాని నీరు పొలములకు అందినది. కీలకమైన నిర్ణయము తరువాతిది. భూమి లేనివానికి కూడ నీటిలో సమాన వాటా ఇచ్చినారు. వాటా ఉన్నవానికి చెరువు పూడకుండుట తన పనియైనది. మేకలు కొండ దిగినవి, గడ్డి మొలచినది. దశబంధము మరచిన విషయమును సుఖోమాజ్రి నేర్చుకొన్నదని నాకు తోచును: కట్ట కింద చేను లేనివాడు కూడ కట్టకు కాపరి కావలెనన్న అతనికి పాలు ఉండవలెను.

1994లో మన తెలుగువారైన ఆర్థికశాస్త్రవేత్త చెన్నమనేని హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘము కరవు కార్యక్రమములను సమీక్షించి నివేదిక నిచ్చినది. దానినిబట్టి 1995 ఏప్రిలు 1 నుండి క్రొత్త మార్గదర్శకములు అమలైనవి. శాఖ, మండలము, జిల్లా అను హద్దులు కాక, వాన నీరు ఒక్క వాగులో చేరు నేలనంతటిని ఒక్క ఘటకముగా తీసికొనవలెను. అదియే వాటర్‌షెడ్. సుమారు 500 హెక్టార్లు, హెక్టారుకు ఇంచుమించు 4,000 రూపాయలు, అనగా ఒక్కొక్కదానికి 20 లక్షలు, నాలుగేండ్ల కాలము. పని మిట్టనుండి పల్లమునకు. ధనము ఊరి వాటర్‌షెడ్ కమిటీ ఖాతాకే వచ్చును. లాభము పొందువారు పని విలువలో కొంత శాతము తామే వేసి నిర్వహణ నిధిని ఏర్పరచవలెను.

ఇక్కడ ఒక చిన్న లెక్క. అనంతపురములో సగటు వాన సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు. 500 హెక్టార్లపై ఆ వాన పడినచో, 50 లక్షల చదరపు మీటర్లను 0.55 చేత గుణింపగా, 27 లక్షల 50 వేల ఘనమీటర్లు. అందులో పదియవ వంతు వాగు వెంట పోవుననుకొన్నను 2 లక్షల 75 వేల ఘనమీటర్లు. ఈ పదియవ వంతును ఊరిలోనే నిలుపుటకే ఆ 20 లక్షల రూపాయలు. కరవు సీమ యందురు గాని, ఆకాశము పూర్తిగా లోభి కాదని ఈ లెక్క చూపును. వాన కొద్ది రోజులలోనే కుంభవృష్టిగా పడిపోవుట అసలు చిక్కు.

ఫలితములు ఊరికొక తీరు. కొన్ని ఊళ్లలో బావులు ఊరినవి. కొన్నిటిలో కమిటీ యనగా ఒక కాంట్రాక్టరు, అతని తోడల్లుడు. పాటుపడి సాధించిన ఊళ్లలోనే మరొక సమస్య వచ్చినది. భూగర్భజలము పైకి రాగానే బోర్లు పెరిగినవి. వాగును అడ్డుకొని అందరు కలసి నింపిన నీటిని, లోతైన బోరు వేయగలిగినవాడు ఒక్కడు తోడుకొన్నాడు. మట్టిపని అందరిది, మోటారు ఒక్కనిది. 2002లో రాష్ట్రములో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము వచ్చినది. బోరుకు అనుమతి కావలెనని అది చెప్పినది. అర్ధరాత్రి బండి వచ్చి వేసిపోయిన బోరుకు అనుమతి అడిగినవారెవరో మీ ఊరిలోనే విచారింపవచ్చును.

2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకము అనంతపురము జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభమైనది. తొలి విడత 200 జిల్లాలు. 1880 నాటి నియమావళికిని దీనికిని గల భేదము గమనింపదగినది. అక్కడ పని ప్రభుత్వము దయ, కరవు ప్రకటించిన తరువాత మాత్రమే. ఇక్కడ అడిగినవారి హక్కుగా ఇంటికి ఏడాదికి నూరు రోజుల పని ఉండెను. కాంట్రాక్టరుకు చోటు లేకుండెను, ఖర్చులో కనీసము నూటికి 60 వంతులు కూలికే పోవలెనని నియమముండెను. పంటకుంటలు, కందకములు, పూడికతీత, చేను చదునుచేయుట లక్షలకొలది జరిగినవి. కూలి లెక్కలను ఊరందరి ఎదుట చదివి వినిపించు సామాజిక తనిఖీలో మన రాష్ట్రము ముందు నడచినది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ పేర సుమారు 46 వేల చెరువులను పునరుద్ధరించుటకు పూనుకొన్నారు. దాని కథ వేరొక వ్యాసమునకు తగినది.

రెండేండ్ల క్రిందట మా కళాశాల రెండవ సంవత్సరపు విద్యార్థులతో ఒక పల్లెకు పోయి, వాటర్‌షెడ్ కాలమున కట్టిన ఒక చెక్‌డ్యామును కొలిచినాను. రాతిగోడ చెక్కు చెదరలేదు. వెనుక ఇసుక, ఒండ్రు గోడ అంచుకు ఒక జానెడు దిగువవరకు వచ్చినవి. విద్యార్థులు నాలుగుచోట్ల గుంత త్రవ్వి పొరలు లెక్కించినారు: ముతక ఇసుక, దానిపై సన్నని ఒండ్రు, మరల ఇసుక. పెద్ద వాన కొక పొర. గోడమీద చెక్కిన పథకపు పేరు, మొత్తము, సంవత్సరము చదువవచ్చును. నిర్వహణ నిధి ఏమైనదని అడుగగా, అక్కడున్న పెద్దాయన, బ్యాంకులోనే ఉన్నది సార్, సంతకము పెట్టవలసిన ముగ్గురిలో ఒకరు పోయినారు, ఒకరు బెంగుళూరులో ఉన్నారు, మూడవవాణ్ణి నేనే అన్నాడు. తరువాత మా పిల్లల చేతిలోని పార తీసుకొని, పొరలు సరిగా కనబడునట్లు గుంత అంచును తానే చక్కగా చెక్కియిచ్చినాడు.